ఎక్కి నడపక సొమ్ము చెల్లింపవచ్చునా?

సంతలో ఎద్దును కొనునప్పుడు మన పెద్దలు చేయు పరీక్ష ఎట్టిదో మన పాఠకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. పండ్లు చూతురు. సుడులు చూతురు. గిట్టలు తట్టి చూతురు. నాలుగడుగులు నడిపించి నడక చూతురు. అంతటితో తృప్తి చెందక, కాడి కట్టి రెండు సాళ్లు దున్నించి చూచిన పిదపగాని తువ్వాలు క్రింద చేతులు కలిపి బేరము ముగింపరు. ఆ యెద్దు మొండిదైన పక్షమున కలుగు నష్టము ఒక కారు పంట. ఆ పెద్దలే, వారి కుమారులే, నేడు లక్ష రూపాయలో రెండు లక్షల రూపాయలో పోసి మోటారు సైకిలును కొనునప్పుడు చేయు పరీక్ష ఏమి? రంగు చూతురు. ప్రక్కింటివాని బండి ఏదో విచారింతురు. షోరూము కుర్రవాని మాట విందురు. సంతకము చేయుదురు. ఆ బండి చేతికి లొంగనిదైన పక్షమున కలుగు నష్టము పంట కాదు. ఇంటి బిడ్డ ప్రాణము. ఎద్దునకు గల పరీక్ష బండికి లేకపోవుట మన సమాజమునకు సిగ్గుచేటని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

ఈ మాట వ్రాయుటకు హోసూరు ప్రాంతపు తెలుగువారికంటె ఎక్కువ అర్హత గలవారు లేరు. ఈ ప్రాంతమున పరీక్షించి ఎక్కుట క్రొత్త విద్య కాదు. మత్తిగిరి వద్ద 1824లో ఏర్పడిన పశు క్షేత్రము మొదట సైన్యమునకు గుర్రములను సిద్ధపరచిన స్థలము. ఎక్కి చూడని గుర్రమును ఏ రౌతు నమ్మలేదు. అదే హోసూరు నేడు గుర్రములకు బదులు ఇనుప గుర్రములను దేశమునకు పంపుచున్నది. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ వెలువడినది ఇచ్చటినుండియే. 2021లో ఏథర్ వారి ఎలక్ట్రిక్ స్కూటర్ల కర్మాగారము వెలసినదియు ఇచ్చటనే. అదే కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి చెంత ఓలా వారి కర్మాగారము వచ్చినదియు ఆ సంవత్సరముననే. మదరాసున 1955లో బుల్లెట్ కూర్పు మొదలైనది. మైసూరున ఐడియల్ జావా 1996 వరకు బండ్లు చేసినది. మూడు దిక్కుల నుండి బండ్లు తయారై వచ్చు ఈ నడిబొడ్డున కాపురముండి, ఆ కర్మాగారములలో మన బిడ్డలు పని చేయుచుండగ, ఆ బండ్లను గుడ్డిగ కొనువారము మనమే యగుట వింతలలో వింత.

ఈ గుడ్డితనమునకు కారణము లేకపోలేదు. 1960, 1970 దశకములలో బండి కావలెనన్నవాడు సొమ్ము ముందుగ కట్టి, పేరు వ్రాయించుకొని, ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. స్కూటరు చేతికి వచ్చునప్పటికి పెండ్లినాటి వరునికి బిడ్డలు పుట్టెడివారు. వచ్చినదే మహాప్రసాదము. అట్టి కాలమున నడిపి చూచెదనని అడుగుట హాస్యాస్పదము. 1984, 1985 ప్రాంతమున జపాను కంపెనీల పొత్తుతో నూరు సి.సి. బండ్లు వచ్చిన పిదప ఆ కరవు క్రమముగ తీరినది. నేడు ఒక్క వీధిలోనే అయిదారు షోరూములు పోటీపడి పిలుచుచున్నవి. కరవు పోయినది, కరవునాటి బుద్ధి పోలేదు. ఎంపికకు తావు లేనినాడు ఎంచుకొనకపోవుట విధి. తావు ఉండియు ఎంచుకొనకపోవుట మూఢత్వము.

2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల బండ్లపై పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు దిగినది. అంతకు మించిన బండ్లపై 40 శాతమునకు ఎక్కినది. నాటినుండి షోరూముల వాకిళ్లలో తిరునాళ్ల సందడిగ నున్నది. ధర దిగినదని పరుగెత్తుట తప్పు కాదు. ధర దిగినదను ఒక్క కారణమున తమకు తగని బండిని ఇంటికి తెచ్చుకొనుట తప్పు.

ఇక కంపెనీలవారు జరుపు 'టెస్ట్ రైడ్' మేళాల సంగతి. ఆదివారమునాడు ఒక మైదానమున పందిరి వేయుదురు. చెవులు చిల్లులు పడునట్లు పాటలు పెట్టుదురు. అయిదారు రకముల బండ్లను తుడిచి, మెరుగుపెట్టి, వరుసగ నిలుపుదురు. యువకుల నుండి లైసెన్సు నకలు, ఫోను నంబరు పుచ్చుకొని, ఒక కాగితముపై సంతకము చేయించుకొందురు. ముందొకడు దారి చూపుచు పోగా, నున్నని ఖాళీ రోడ్డుపై పది నిమిషములు తిప్పి తెత్తురు. దిగగానే ఫొటో తీసి చేతిలో పెట్టుదురు. మరునాటి ఉదయము నుండి ఫోను మ్రోగుట ఆగదు. ఇది పరీక్షయా? పెండ్లిచూపులలో కాఫీ అందించిన పిల్లను చూచి ఆమె గుణగణములన్నియు తెలిసినవనుట వంటిది.

అయినను మేము ఆ మేళాలకు పోవలదని చెప్పుట లేదు. పొండు; తప్పక పొండు. అన్ని రకముల బండ్లు ఒక్కచోట, ఒక్కపూటలో, కానీ ఖర్చు లేక ఎక్కి దిగు అవకాశము మరెచ్చటను దొరకదు. పోయినప్పుడు ఊరక ఊరేగి రాక, పరీక్షించి రండని మాత్రమే మా వాదము. బండిని పరీక్షించుట మన వంతు. మేళావారు మనలను పరీక్షించి, ఏ వాయిదాకు లొంగుదుమో తేల్చుకొనుట కాదు.

రకరకముల బండ్లను ఎక్కినగాని తెలియని సంగతులు కొన్ని గలవు. స్ప్లెండర్ వంటి నిత్యోపయోగపు బండి బరువు సుమారు 112 కిలోలు. సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. కాగితముపై సీటు ఎత్తులలో తేడా 20 మిల్లీమీటర్లు మాత్రమే. కాని వర్షములో బురద నేలపై బండి ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు నిలువబెట్టవలసిన బరువులో తేడా 83 కిలోలు, అనగా ఒక నిండు మనిషి. ఈ తేడా ప్రకటనలోని బొమ్మ చెప్పదు. తొడలు, మోకాళ్లు చెప్పును. క్రూయిజర్ అను రకమున సీటు 765 మిల్లీమీటర్లకు దిగును, కాళ్లు ముందుకు సాగును. పొట్టివారికి అది వరమువలె తోచును. గతుకులలో సీటునుండి లేచి నిలుచుటకు ప్రయత్నించినప్పుడు కాళ్లు ముందున్నందున లేవలేక నడుముపై దెబ్బ పడును. అప్పుడుగాని ఆ వరములోని లోపము తెలియదు. కొండదారులకై చేసిన ఎత్తు బండ్లు గుంతలను లెక్కచేయవు. కాని 825 మిల్లీమీటర్ల సీటుపై కూర్చున్నవానికి రెండు పాదములు నేలకు పూర్తిగ ఆనకపోవచ్చును. సంత వీధిలో అడుగడుగున ఆగుచు పోవునప్పుడు అది ఎంత కష్టమో ఖాళీ మైదానమున తెలియదు. పందెపు మూసలో చేసిన బండ్లకు హ్యాండిల్ క్రిందికి వంగియుండును. పది నిమిషములు ఉత్సాహము, నలువది నిమిషములకు మణికట్లు నొప్పి. ఎలక్ట్రిక్ బండికి క్లచ్ లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. పిడి తిప్పిన తక్షణమే లాగును. ఏండ్ల తరబడి గేర్లకు అలవాటుపడిన చేయి ఆ లాగుడునకు మొదటిసారి తడబడుట సహజము. ఆ తడబాటు మైదానమున జరుగవలెనా, బస్సు ముందర జరుగవలెనా అనునదియే ప్రశ్న.

మా వాదమునకు వచ్చు అభ్యంతరములను దాచిపెట్టక చెప్పుదుము.

మొదటిది: 'మా నాయన ముప్పదియేండ్లు ఆ బండినే నడిపినాడు, మాకు పరీక్ష ఎందుకు?' దీనికి ఒక్క ఉదాహరణము చాలును. వెనుకటి బుల్లెట్‌కు గేరు కుడికాలి క్రిందను, బ్రేకు ఎడమకాలి క్రిందను ఉండెడివి. నేటి బుల్లెట్‌కు గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. పేరు అదియే, బొమ్మ అదియే, కాళ్ల పని తలక్రిందులు. పాత బండిపై ముప్పదియేండ్లు పండిన కాలు, ఎదురుగ గేదె అడ్డము వచ్చినప్పుడు ఆలోచింపదు; అలవాటు చొప్పున నొక్కును. నొక్కినది గేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. పేరును నమ్మి కొనుట ఎంత ప్రమాదమో ఆ 17 మీటర్లు చెప్పును.

రెండవది: 'ఎక్కనిచ్చిన పిల్లలకు పెద్ద బండిపై మోజు పుట్టును.' మా అనుభవములో దీనికి విరుద్ధముగనే జరుగుచున్నది. మోజు పుట్టునది సినిమా చూచి, పోస్టరు చూచి. ఆ బరువును ఒక్కసారి వెనుకకు నెట్టి చూచినవానికి, దాని వేడిని తొడలపై సోకించుకొన్నవానికి, దాని నెల వాయిదాను లెక్కవేసినవానికి, సగము మోజు అచ్చటనే దిగును. నిషేధము కోరికను పెంచును. పరీక్ష కోరికను తూచును.

మూడవది: 'డీలరు విసుగుకొనును.' విసుగుకొననిండు. సొమ్ము మనది, ప్రాణము మనది. రూపాయికి కొను కుండను కూడ మన తల్లులు వ్రేలితో కొట్టి చూచిరి. కుమ్మరి విసుగుకొనెనా?

ఇప్పుడు కంపెనీలను విడిచి మన ఇండ్లవైపు చూతము. మన కుటుంబములలో అనేక బండ్లు నడుపువాడు కొనుట లేదు; మామగారు కొనుచున్నారు. వరుడు అడుగును, వధువు తండ్రి అప్పుచేసి తెచ్చి పందిరి ముందర నిలుపును. నడుపబోవువాడు దానిని ఎక్కియుండలేదు. సొమ్మిచ్చినవాడు ఎన్నడును ఎక్కబోడు. అడిగి పుచ్చుకొను బండి 1961 నాటి వరకట్న నిషేధ చట్టము క్రింద నేరము. ఇచ్చినవారును, పుచ్చుకొన్నవారును శిక్షార్హులు. దానికి తోడు బండి పెద్దదైనకొలది మర్యాద పెద్దదను భ్రమ చేరి, నూరు సి.సి. బండి చాలిన కుర్రవానికి మూడువందల యేబది సి.సి. బండిని అంటగట్టుచున్నాము. కూతురి సుఖమునకని ఇచ్చిన బండి కూతురి పసుపు కుంకుమలకే ముప్పు తెచ్చిన యిండ్లు లేవా? అల్లునికి నిజముగ మేలు కోరు మామగారు బండి ఇయ్యనక్కరలేదు. 'నాయనా, నీ సొమ్ముతో నీవే కొనుము. కొనుటకు ముందు నాలుగు బండ్లు ఎక్కి చూడుము' అని బుద్ధి చెప్పిన చాలును.

మరియొక లోపము గలదు. పరీక్ష యనగ మగవాడొక్కడే ఎక్కి తిరిగివచ్చుట యని తలచుచున్నాము. ఇంటి బండిపై వెనుక కూర్చుండునది ఎవరు? తల్లి, భార్య, చెల్లెలు. వారిని కూర్చుండబెట్టి నడిపి చూచినవారు నూటికి ఎందరు? ఒంటరిగ తేలికగ తిరిగిన బండి వెనుక మరొకరు కూర్చున్నంతనే వేరొక బండి యగును. ఆగుటకు ఎక్కువ దూరము పట్టును, మలుపులో బరువు వెనుకకు లాగును. వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడియు, కాళ్లకు ఆధారమును, చీరచెంగు చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమైనను మూయు కవచమును ఉండవలెనని మోటారు వాహనముల నిబంధనలే చెప్పుచున్నవి. అందము చెడునని ఆ కవచమును ఊడదీయించు కుర్రవాండ్రు తమ తల్లిని ఆ సీటుపై ఎట్లు కూర్చుండబెట్టుచున్నారో మాకు అర్థము కాదు. ఇక మన ఆడపిల్లలు వెనుక సీటునకే పరిమితమని ఎవరు శాసించిరి? కర్మాగారములకు రాత్రి షిఫ్టులకు పోయివచ్చు ఆడపడుచులు మన పల్లెలలో గలరు. వారికి కావలసిన బండిని అన్నయో తండ్రియో ఎంచి తెచ్చుట న్యాయము కాదు. ఏ చేయి పట్టుకొనునో ఆ చేయియే పరీక్షింపవలెను.

సంతకము సంగతి ఇంకను చెప్పవలసియున్నది. నడుపుటకు ముందు ఇచ్చు కాగితమున సాధారణముగ ఉండు మాట యేమి? బండికి జరుగు నష్టమునకు, నడుపువానికి తగులు దెబ్బలకు, ఎదుటివానికి కలుగు హానికి బాధ్యత అంతయు సంతకము చేసినవానిదని. ఆ కాగితము తరచు ఆంగ్లముననే యుండును. మన పెద్దలు చదువగలది తెలుగు. మన పిల్లలు 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప బడిలో చదివినది తమిళము, ఆంగ్లము. తండ్రి చదువలేని కాగితముపై తండ్రి జామీను పడుచున్నాడు. కొడుకు చదువగలిగియు తొందరలో చదువడు. ఇద్దరి మధ్య ఆ కాగితము చదువువారు లేక పోవుచున్నది. అప్పు పత్రముల గతియు ఇదియే. ఇంట కూర్చుండి తండ్రికి తెలుగులో చదివి వినిపింపని కాగితముపై ఏ కొడుకును సంతకము చేయింపరాదని మేము గట్టిగ చెప్పుచున్నాము. మన భాషను నిలుపుకొనుట యనగ ఉగాదినాడు ఉపన్యాసము చేయుట మాత్రమే కాదు. ఇంటి పెద్ద ఏ పత్రమునకు కట్టుబడుచున్నాడో అతనికి తన భాషలో తెలియజేయుటయు భాషాసేవయే.

ఇదంతయు చిన్న విషయమునకు పెద్ద రభస యని తలచువారి కొరకు కొన్ని అంకెలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందు 44.5 శాతము ద్విచక్ర వాహనములపై పోవువారే. హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. వారిలో నడుపువారే కాక, వెనుక కూర్చున్నవారు 14 వేలకు పైబడియున్నారు. రోడ్ల తప్పు గలదు, లారీల తప్పు గలదు, మేము కాదనము. కాని తన చేతికి, తన కాలికి, తన దారికి తగని బండిపై కూర్చున్నవాడు ఆ తప్పులన్నిటికి తానుగ ఎదురేగుచున్నాడు.

కావున పాఠకులకు మా మనవి ఇది. ఒక్క బండిని కాదు, కనీసము మూడు రకములను ఎక్కుడు. హెల్మెట్ ధరింపక ఎక్కవలదు. కొనునప్పుడు అమ్మువారు హెల్మెట్ ఇయ్యవలెనను నిబంధన గలదు, అడిగి పుచ్చుకొనుడు. ఎక్కుటకు ముందు ఆ బండికి బీమా గలదా యని అడుగుడు. వేగమును కాదు, ఆగుటను పరీక్షింపుడు. ఖాళీ చోట ముందు బ్రేకు, వెనుక బ్రేకు వేరువేరుగను కలిపియు పట్టి చూడుడు. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన ప్రతి క్రొత్త బండికి ఏ.బి.ఎస్. తప్పనిసరి. అది పనిచేయునప్పుడు బ్రేకు కొట్టుకొనునట్లు తోచును. ముందే ఎరుగనివాడు భయపడి బ్రేకు వదలును. ఇంజను ఆపి బండిని వెనుకకు నెట్టి చూడుడు. ఇంటివారిని వెనుక కూర్చుండబెట్టుకొనుడు. టమాటా బుట్టలో, గులాబీ మూటలో మార్కెట్టునకు మోయు రైతు ఆ బరువును కట్టి నడిపి చూడవలెను. సుమారు 89 కిలోల మోపెడ్ చేయు పనిని దానికి రెండింతల ధర గల బండి చేయలేకపోవచ్చును. రాత్రి షిఫ్టు వేళ 44వ నంబరు జాతీయ రహదారిపై పోవువారు దీపము వెలుగును చీకటిపడిన పిదప చూపుమని అడుగుడు. పగటి పరీక్షలో దీపము తెలియదు. ఇవి చేయనీయని షోరూమునకు నమస్కారము పెట్టి ప్రక్క షోరూమునకు పొండు.

మన సంఘమునకు మా విన్నపము వేరు. కంపెనీలవారు పట్టణపు మైదానములలో జరుపు మేళాలను డెంకణికోట, సూళగిరి, బాగలూరు, బేరికె వంటి ఊళ్లకు తెమ్మని సంఘము పక్షమున వ్రాయవలెను. మన ఊళ్ల గతుకు దారులపై నడుపనిమ్మని కోరవలెను. సంతకపు కాగితమును తెలుగులోను తమిళములోను అచ్చువేయుమని పట్టుపట్టవలెను. అడిగిన ఖర్చు ఎంత? ఒక పుట అచ్చు. ఆనాడు మన కుర్రవాండ్రలో లైసెన్సు గలవారు, చదువు వచ్చినవారు ఇద్దరు ముగ్గురు మేజా వేసికొని కూర్చుండి, పెద్దలకు కాగితములు చదివి చెప్పవలెను. స్త్రీలకు ఒక పూట ప్రత్యేకించవలెను. బుర్రకథకు, సన్మాన సభకు పందిరి వేయగల సంఘము దీనికి ఒక పందిరి వేయలేదా?

మన పూర్వులు విజయనగర కాలము నుండి ఈ నేలపై సేద్యము చేసి నిలిచినది గుడ్డి నమ్మకముతో కాదు. విత్తనమును నీటిలో వేసి చూచిరి. నేలను పిడికిట పట్టి చూచిరి. ఎద్దును కాడికి కట్టి చూచిరి. ఆ బుద్ధిని ఇనుపబండి ముందర విడిచిపెట్టుటకు మనకు హక్కు లేదు. రాబోవు పండుగకు ఇంటికి బండి రావలెనని తలచు ప్రతి కుటుంబమును ఈ వారమే ఆ ప్రశ్న వేసికొనవలెను: నడుపబోవు చేయి దానిని ఒక్కసారియైన పట్టి చూచినదా? లేదన్న పక్షమున, సొమ్ము సంచిలోనే ఉండనిండు.